నిలబడటం మానండి, నడవటం మానొద్దు

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. నా వయసు 27. విజయవాడలో ఒక చీరల షోరూంలో రెండేళ్లుగా సేల్స్‌లో పనిచేస్తున్నాను. ఇది తొలి కాన్పు, కడుపులో కవలలు. ఇప్పుడు 29వ వారం. ఇద్దరికీ వేరువేరు మాయలున్నాయని, ఇద్దరూ బాగానే పెరుగుతున్నారని స్కాన్‌లో చెప్పారు. బీపీ, షుగర్ లేవు. రక్తం మాత్రం 9.6 ఉంది. పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా పని, అందులో కూర్చునేది భోజనానికి మాత్రమే. సాయంత్రానికి పాదాలు వాచిపోతున్నాయి, నడుం పట్టేస్తోంది. మా అత్తయ్య "ఇద్దర్ని మోస్తున్నావు, మంచం దిగొద్దు" అంటారు. తోటివాళ్లు "నొప్పులొచ్చే దాకా పని చేస్తే కాన్పు సులువవుతుంది" అంటారు. మా డాక్టర్‌గారు "రెస్ట్ తీసుకో" అన్నారు. ఎంత రెస్టో అడిగే ధైర్యం రాలేదు. జీతం 15 వేలు, అందులోంచి ఉద్యోగుల బీమా ఈఎస్ఐకి కోస్తారు. మా ఆయన కొరియర్‌లో చేస్తారు. నేను ఇప్పుడే మానేస్తే ఇల్లు గడవదు. పుట్టిల్లు తిరువూరు దగ్గర పల్లె, కాన్పుకి అక్కడికే రమ్మంటున్నారు. ఎనిమిదో నెలలో పుడితే పిల్లలు దక్కరని మా అమ్మమ్మ అంటుంటే రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఎన్నాళ్లు పని చేయొచ్చు? నడవొచ్చా? ఇంకో చిన్న సందేహం. నెలాఖరున సీమంతం పెట్టుకున్నారు. పీట మీద అంతసేపు కూర్చోవచ్చా?
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ డాక్టర్‌గారిని అడగలేకపోయిన మాటతోనే మొదలుపెడతాను. ఎంత రెస్ట్? మీరు రాసిన రిపోర్టులను బట్టి చూస్తే మంచం దిగకుండా ఉండాల్సిన అవసరం మీకు కనిపించడం లేదు. అలాగని రోజుకి పది గంటలు నిలబడే పని కూడా ఇక మీది కాదు. మీ అత్తయ్య చెప్పేదానికీ తోటివాళ్లు చెప్పేదానికీ మధ్య చాలా చోటుంది. రాబోయే ఏడెనిమిది వారాలు మీరు ఆ మధ్యలోనే ఉండాలి.

మీ అత్తయ్య మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆవిడ చెప్పిందే ఒకప్పుడు నేనూ చెప్పాను, అదీ మందుల చీటీ మీద రాసి మరీ. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో కవలలని తెలియగానే "కంప్లీట్ బెడ్ రెస్ట్" అని రాసేదాన్ని. మా సీనియర్లు రాసేవారు, నేనూ రాశాను. ఒకమ్మాయి ఆ మాటను అక్షరాలా పాటించింది. రెండున్నర నెలలు మంచం మీదే అన్నం, మంచం మీదే స్నానం. ఒకరోజు ఎడమ పిక్క రాయిలా గట్టిపడి వాచిందని తీసుకొచ్చారు. కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. సమయానికి వచ్చింది కాబట్టి తల్లీ, పిల్లలిద్దరూ దక్కారు. కాన్పు అయ్యాక కూడా ఆ అమ్మాయి మెట్లెక్కడానికి వారాలు పట్టింది, కాళ్లలో కండ అంతా కరిగిపోయింది. ఆ చీటీ రాసింది నేను. అప్పటి నుంచి ఆ రెండు మాటలు ఊరికే రాయలేదు.

పడుకోబెడితే కవలలు నెలలు నిండే దాకా ఆగుతారా అని 1980లలోనే పరీక్షించి చూశారు. జింబాబ్వే రాజధాని హరారేలో కవల గర్భిణులను రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఆస్పత్రిలో చేర్చి విశ్రాంతిలో ఉంచారు, ఇంకో గుంపును ఇంటి దగ్గరే మామూలుగా తిరగనిచ్చారు. మంచం మీద ఉన్నవాళ్లకి నెలలు తక్కువ కాన్పులు తగ్గలేదు. ఆ తరవాత వచ్చిన పరీక్షలన్నీ కలిపి చూసినా అదే తేలింది. మామూలుగా సాగుతున్న కవల గర్భానికి మంచం కాపలా కాయదు. పైగా గర్భంతో ఉన్నప్పుడు రక్తం సహజంగానే త్వరగా గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది. కదలకుండా పడుకుంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మాయ కిందికి ఉండి రక్తం పోతున్నవాళ్లు, గర్భసంచి మూతి ముందే తెరుచుకుంటున్నవాళ్లు, బీపీ పెరిగినవాళ్లు, ఒకే మాయను ఇద్దరు పిల్లలు పంచుకుంటున్నవాళ్లలో ఇబ్బంది వచ్చినవాళ్లు, వీళ్లకి డాక్టర్ చెప్పే జాగ్రత్తలు వేరు. వాళ్లెవరూ ఈ జవాబు చూసి లేచి తిరగొద్దు.

ఇక నడక సంగతి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇబ్బందులు లేని గర్భిణులు వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయమంది. అది చదివి మీరు రోజూ అరగంట చకచకా నడవడం మొదలుపెట్టకండి. 2019లో కెనడా వైద్యులు ఇచ్చిన మార్గదర్శకాల్లో కవలల గురించి విడిగా ఉంది. ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది కడుపులో ఉంటే వ్యాయామమే వద్దన్నారు. ఇద్దరుంటే 28 వారాలు దాటాక మీ డాక్టర్‌తో మాట్లాడి, ఆమె సరేనంటేనే చేయమన్నారు. మీరు ఆ గీత దాటి ఒక వారమే అయింది. అందుకే వచ్చే చెకప్‌లో "మేడమ్, రోజూ ఎంతసేపు నడవొచ్చు?" అని సూటిగా అడగండి. డాక్టర్‌ని ప్రశ్న అడగడానికి భయం ఎందుకమ్మా? మీరు అడిగితేనే మీ ఒళ్లు ఎలా ఉందో మాకు తెలుస్తుంది. మాటలు గుర్తుండవనుకుంటే ఒక కాగితం మీద రాసుకెళ్లండి. కాగితం పట్టుకుని వచ్చే అమ్మాయిలంటే నాకు ఎంతో ఇష్టం.

ఆమె సరేనన్నాక ఎండెక్కక ముందు పది నిమిషాలు, సాయంత్రం చల్లబడ్డాక పది నిమిషాలు చాలు. నడుస్తూ పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. డాబా మీదో, వీధి చివరి దాకానో, ఎక్కడైనా సరే, కాళ్ల కింద నేల చదునుగా ఉండాలి. పొట్ట ముందుకొచ్చాక బరువు సరితూగదు, పాదం ఎక్కడ పడుతోందో కనిపించదు. కాబట్టి జారే చెప్పులొద్దు. పొట్ట బిగిసినట్టు అనిపిస్తే ఆగి కూర్చోవాలి. ఆ రోజుకి నడక అంతటితో సరి.

నడవమని చెబుతూ నిలబడొద్దని ఎందుకంటున్నానో చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా మీరే సర్దుకోగలరు. ఇప్పుడు మీ గుండె, ఒక్క బిడ్డను మోసే తల్లి గుండె కన్నా సుమారు 20 శాతం ఎక్కువ రక్తాన్ని తోడుతోంది. పాదాల దాకా వెళ్లిన ఆ రక్తం మళ్లీ పైకి రావాలంటే పిక్కల్లోని కండలు బిగిసి వదులవుతుండాలి. అడుగు పడ్డప్పుడల్లా పిక్క ఒక పంపులా పనిచేస్తుంది. కదలకుండా కౌంటర్ ముందు నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. పైనుంచి ఇద్దరు పిల్లల బరువు నరాల మీద పడుతుంది. రక్తం, నీరు కిందే నిలిచిపోతాయి. మీ పాదాలు సాయంత్రానికి వాచేది అందుకే. గర్భసంచికి వెళ్లే రక్తమూ ఆ మేరకు తగ్గుతుంది. గంటల తరబడి నిలబడే పని, బరువులెత్తే పని, రాత్రి షిఫ్టులు చేసేవాళ్లలో నెలలు తక్కువ కాన్పులు కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్క బిడ్డ ఉన్నవాళ్లకి ఆ కొంచెం పెద్ద తేడా కాకపోవచ్చు. కవలల్లో సగానికి పైగా ఎలాగూ 37 వారాల లోపే పుడతారు కాబట్టి మీ విషయంలో ఆ కొంచెమూ లెక్కలోకి వస్తుంది.

షోరూం పని నేను బయటి నుంచి చూసిందే. అయినా ఒక్కో చీరా విప్పి భుజం మీద వేసి చూపించడం, పై అరల్లోంచి కట్టలు దించడం, కస్టమర్ వెళ్లాక గుట్టంతా మడతపెట్టడం, పై ఫ్లోర్‌లో రంగు దొరుకుతుందేమోనని మెట్లెక్కి దిగడం, ఇవన్నీ ఒకే ఒళ్లు చేయాలి. అందులో మీరు చేయగలిగినవి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని మడతపెట్టడం, ట్యాగులు వేయడం, బిల్లింగ్ దగ్గర సాయం చేయడం పరవాలేదు. కట్టలు దించడం, స్టూలెక్కడం, మెట్లు పదేపదే ఎక్కడం ఈ రోజు నుంచే మానేయాలి. గద్దె మీద కింద కూర్చుని ముందుకి వంగి చీరలు పరిచే పని కూడా వద్దు. పొట్ట నొక్కుకుపోతుంది, లేవడం కష్టం. ముప్పావు గంట కూర్చున్నాక లేచి నాలుగు అడుగులు వేయండి. కూర్చున్నప్పుడు కాళ్లు చిన్న స్టూల్ మీద పెట్టుకుని మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి.

మేనేజర్‌ని కుర్చీ అడగడానికి మొహమాటపడకండి. ఇది దయ అడగడం కాదు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో అక్కడి చట్టంలో ఆ హక్కు చేరింది. 2021లో తమిళనాడు కూడా చేర్చింది. అక్కడ సాధించుకున్నది మామూలు రోజుల్లో కూర్చోవడానికి. మీరు ఇద్దర్ని మోస్తూ అడుగుతున్నారు. ఎక్కువసేపు నిలబడే పని, శ్రమతో కూడిన పని చెప్పొద్దని గర్భిణి అడిగితే, కాన్పు తేదీకి సుమారు పది వారాల ముందు నుంచి అలాంటి పని చెప్పకూడదన్న ఆలోచన మన దేశపు ప్రసూతి చట్టంలో 1961 నుంచే ఉంది. మీ డాక్టర్‌తో ఒక చిన్న ఉత్తరం రాయించుకోండి. "కవల గర్భం, 29 వారాలు, నిలబడే పని, బరువులు, మెట్లు వద్దు, కూర్చునే పని ఇవ్వగలరు" అని మూడు ముక్కలు చాలు. నోటిమాటగా అడిగితే "చూద్దాంలే" అనే మేనేజర్ కాగితం చూస్తే కుర్చీ వేయిస్తాడు. ఇలాంటి ఉత్తరాలు నేను చాలా రాశాను, చాలా చోట్ల పని చేశాయి.

షోరూంకి వెళ్లిరావడం కూడా పనిలో భాగమే. స్త్రీశక్తి పథకంతో 2025 ఆగస్టు 15 నుంచి బస్సు మనకి ఉచితమైంది, మంచిదే. కానీ తొమ్మిదిన్నర వేళ బస్సులో మీకు సీటు దొరుకుతుందా? దొరక్కపోతే అడగండి, పొట్ట చూసి ఎవరో ఒకరు లేస్తారు. ఎవరూ లేవకపోతే ఆ బస్సు వదిలేసి తరవాతి బస్సెక్కండి. అరగంట ముందు బయల్దేరి అరగంట ముందు వచ్చేసేలా షోరూంలో మాట్లాడుకుంటే ఇంకా మేలు. మీ ఆయన బండి మీద దింపుతానంటారు, ప్రేమతోనే అంటారు, కానీ ఈ వారాల్లో బండి వద్దు. గతుకులకి నొప్పులు వస్తాయని కాదు. బండి జారితే, పడితే మాయ విడిపోయే ప్రమాదముంది. అది మాత్రం మనం తెచ్చుకోకూడదు.

ఎండ గురించి బెజవాడవాళ్లకి నేను చెప్పాలా? మార్చి సగమయ్యేసరికే మధ్యాహ్నం బయట నిలవలేం. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి చిరాకుపడి బిగుస్తుంది. మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని షోరూంలో నీళ్లు తాగడం మానేసే అమ్మాయిలు చాలామంది. మీరు ఆ పని చేస్తున్నారేమోనని నా అనుమానం. చేయకండి. మూత్రం ఆపుకున్నా, నీళ్లు మానేసినా యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది, దాని వల్ల కూడా ముందే నొప్పులు రావచ్చు. సీసా పక్కన పెట్టుకోండి, మజ్జిగ తెచ్చుకోండి.

ఇప్పుడు మీరు అసలు భయపడుతున్న విషయం, డబ్బు. మీ జీతం 21 వేల లోపు, ఈఎస్ఐకి కోస్తున్నారు. అంటే మీ ప్రసూతి సెలవు డబ్బు ఇచ్చేది షోరూం యజమాని కాదు, ఈఎస్ఐ. 26 వారాలు, పూర్తి జీతం లెక్కన. దానికి ముందటి రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లు, అంటే చందా లెక్కగట్టే రెండు ఆరేసి నెలలు, కలిపి 70 రోజుల చందా ఉండాలి. రెండేళ్లుగా పనిచేస్తున్నారు కాబట్టి అది మీకు సులువుగానే ఉంటుంది. ఆ 26 వారాల్లో కాన్పు తేదీకి ముందు గరిష్ఠంగా 8 వారాలు తీసుకోవచ్చు. ఇక్కడ ఒక కిటుకుంది, చాలామంది కవల తల్లులు దీన్ని గమనించరు. మీ స్కాన్ రిపోర్టు మీద ఉన్న తేదీ 40 వారాలకి లెక్కేసింది. వేరువేరు మాయలున్న కవలలను ఇబ్బందులేమీ లేకపోయినా 37, 38 వారాల దగ్గర కాన్పు చేయడం ఇప్పుడు పద్ధతి. "ఇంకా టైముంది, తేదీకి నెల ముందు పెడదాంలే సెలవు" అనుకుంటే 36వ వారం దాకా నిలబడినట్టు. అప్పటికి చాలామందికి కాన్పే అయిపోతుంది. మీరు 8 వారాల హక్కును పూర్తిగా వాడుకుంటే 32 వారాలు నిండగానే సెలవులోకి వెళ్లొచ్చు. నా సలహా అదే. 37వ వారంలో కాన్పయిందనుకుంటే ఇంకా 21 వారాలు పిల్లలతో ఉంటారు.

అంటే మీరు షోరూంకి వెళ్లాల్సింది ఇంకో మూడు వారాలు మాత్రమే. అవి కూడా కుర్చీ దొరికితేనే. ఆ మూడు వారాలు కూడా నిలబెడతామంటే ఇప్పుడే మానండి. ఉద్యోగం మానమని కాదు, సెలవు పెట్టమంటున్నాను. ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే జబ్బు సెలవుకి జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. గర్భం వల్ల వచ్చిన అనారోగ్యానికి ప్రసూతి సెలవు కాక ఇంకో నెల ఇచ్చే వీలు కూడా ఉంది. ఈ సెలవుల్లో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. గుణదలలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది కదా, ఈ వారంలోనే మీ కార్డు, స్కాన్ రిపోర్టులు పట్టుకుని మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. నెంబరులో తప్పుందనో, బ్యాంకు ఖాతా కలవలేదనో తెలిస్తే ఇప్పుడే సరిచేసుకోవచ్చు. పిల్లలు పుట్టాక ఆ కాగితాల వెంట తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఫ్రాన్స్‌లో కవలలైతే 34 వారాల సెలవిస్తారు, అందులో 12 కాన్పుకి ముందే. మన దగ్గర ఒకరైనా ఇద్దరైనా అదే 26 వారాలు. ఇది మారాలని నాకు గట్టిగా ఉంది. ఇద్దరికి పాలు పట్టి, ఇద్దర్ని నిద్రపుచ్చే తల్లిని చూసినవాళ్లెవరైనా అదే అంటారు.

మూడు వారాలు పని చేయమన్నాను కదా అని కొన్ని గుర్తులను పక్కన పెట్టొద్దు. పొట్ట మాటిమాటికీ గట్టిపడుతుంటే బాత్రూంకి వెళ్లొచ్చి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుని గంటసేపు చెయ్యి పొట్ట మీద పెట్టి చూడండి. దొంగనొప్పులైతే సర్దుకుంటాయి. గంటలో నాలుగైదు సార్లు బిగిస్తే, నడుం నుంచి ముందుకి నొప్పి అలలా వస్తే, నేరుగా ఆస్పత్రికే. ఉమ్మనీరు కారినా, రక్తం కనపడినా అంతే. తలనొప్పి తగ్గకపోవడం, కళ్ల ముందు మెరుపులు, పై పొట్టలో కుడివైపు నొప్పి, ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బడం బీపీ పెరిగిందని చెప్పే గుర్తులు, కవలల్లో ఇది ఎక్కువ. సాయంత్రం రెండు పాదాలు వాచి పొద్దున్నకి తగ్గిపోతే అది నిలబడ్డ వాపు. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే అది వేరు. అరచేతులు, అరికాళ్లు రాత్రుళ్లు విపరీతంగా దురద పెడితే దాన్ని కూడా చెప్పాలి, కాలేయం పరీక్ష చేయించాలి. పిల్లల కదలికలు రోజూ ఎలా ఉంటాయో మీకే తెలుసు. తగ్గాయని మీ మనసుకి అనిపిస్తే తెల్లారే దాకా ఆగొద్దు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

ఎనిమిదో నెల గురించి మీ అమ్మమ్మ చెప్పిన మాట దగ్గర కాసేపు ఆగాలి. "ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదిలో పుడితే దక్కరు" అని మన ఇళ్లలో తరతరాలుగా అంటూ వచ్చారు. అమ్మమ్మ మిమ్మల్ని భయపెట్టాలని అనలేదు, ఆవిడ విన్నదే చెప్పింది. కానీ అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ పిల్లలకు బలమే. 30 వారాల బిడ్డ కన్నా 32 వారాల బిడ్డ గట్టి, దానికన్నా 34 వారాల బిడ్డ ఇంకా గట్టి. ఎనిమిదో నెలలో పుట్టిన కవలలు కొన్ని రోజులు నవజాత శిశువుల విభాగంలో ఉండి ఇంటికి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇప్పుడు స్కూటీ నడుపుతూ నా క్లినిక్ ముందు ఆగి పలకరించే ఒక అమ్మాయి 33 వారాలకి పుట్టిన కవలల్లో చిన్నది.

34 వారాల లోపు నొప్పులు మొదలైతే పిల్లల ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తాం. అవి బాగా పనిచేయాలంటే కాన్పుకి ముందు ఒక రోజైనా సమయం దొరకాలి. అందుకే నొప్పులు ముదిరే దాకా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దని ఇంతగా చెబుతున్నాను. అందుకే పుట్టింటి విషయంలో కూడా మీ అమ్మగారిని నొప్పించే మాట చెప్పాల్సి వస్తోంది. తిరువూరు దగ్గర పల్లె నుంచి విజయవాడ రావడానికి రెండు గంటలు పడుతుంది, అర్ధరాత్రి అయితే బండి దొరకడానికే ఇంకో గంట. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మంచి ఆచారమే, తల్లి చేతి అన్నం, తల్లి తోడు ఆ సమయంలో కావాలి. ఆ తోడునే ఇక్కడికి రప్పించండి. అమ్మగారు 32వ వారం నుంచి వచ్చి మీ దగ్గరుంటే ఆచారంలో ఉన్న మంచి మిగులుతుంది, దూరం పోతుంది. మీరు కాన్పుకి వెళ్లే ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లలిద్దర్ని ఒకేసారి చూసుకునే ఏర్పాటు ఉందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. కాన్పయ్యాక పిల్లలను ఒకచోట, తల్లిని ఇంకోచోట ఉంచే పరిస్థితి రాకూడదు.

నొప్పులొచ్చే దాకా పని చేస్తే కాన్పు సులువన్న మాట కవలలకి వర్తించదు. ముందున్న బిడ్డ తల కిందికి ఉందా లేదా, ఇద్దరి ఎదుగుదల ఎలా ఉంది అన్న దాన్ని బట్టే మామూలు కాన్పా, ఆపరేషనా తేలుతుంది. చీరలు దించినందుకు పిల్లలు తిరగరు.

ఇంట్లో పని గురించి మీరేమీ రాయలేదు. రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చి వంట కూడా మీరే చేస్తున్నారేమో. బట్టలుతకడం, బిందెలు మోయడం, గచ్చు కడగడం, వంగి ముగ్గెయ్యడం మీ ఆయన, అత్తయ్య పంచుకోవాలి. మంచం దిగొద్దని చెప్పేంత ప్రేమ ఉన్న అత్తయ్య ఇది కాదనరు. కుర్చీలో కూర్చుని కూర తరుక్కోవడం, బట్టలు మడతపెట్టడం లాంటివి మీరు చేసుకోవచ్చు. షోరూం నుంచి రాగానే అరగంట పక్కకి తిరిగి పడుకోండి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. వెల్లకిలా వద్దు, ఇద్దరి బరువూ వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, చేతి మీద బరువు ఆన్చి, కాళ్లు కిందికి వేలాడేసి లేవండి.

రక్తం 9.6 అన్నారు. కనీసం 11 ఉండాలి. మీ అలసటలో సగం దీని వల్లే. ఐరన్ మాత్ర వేసుకుంటున్నారా, లేక వికారమని పక్కన పెట్టారా? భోజనం అయ్యాక నిమ్మరసంతో వేసుకోండి, టీతో కాదు, కాల్షియం మాత్రతో కలిపి కాదు. కాన్పుకి రెండు నెలలే ఉంది కాబట్టి మాత్రలు చాలవేమో, ఐరన్ ఇంజెక్షన్ కావాలేమో డాక్టర్‌ని అడగండి. కవలల కాన్పులో రక్తస్రావం కొంచెం ఎక్కువ. ఆ రోజుకి మీ ఒంట్లో నిల్వ ఉండాలి. తిండి ఒకేసారి పట్టదు కాబట్టి కొంచెం కొంచెంగా ఐదారు సార్లు తినండి. గుడ్డు, పప్పు, పెరుగు, వారానికి రెండు సార్లు చేప ఉంటే మంచిది.

ఇక సీమంతం. చేసుకోండమ్మా, తప్పకుండా చేసుకోండి. పీట మాత్రం వద్దు. వెనక ఆనుకునే కుర్చీ వేయించుకుని, కాళ్ల కింద ఆ పీటే పెట్టించుకోండి. పొద్దున పూటే ముహూర్తం చూడమనండి. ముందుగా ఏదైనా తిని కూర్చోండి, ఉపవాసం వద్దు. పేరంటాళ్లు వరసగా వచ్చి గాజులు తొడిగి అక్షింతలు వేసి వెళ్లేసరికి గంటన్నర అవుతుంది. అరగంటకోసారి లేచి గదిలో నాలుగు అడుగులు వేసి మళ్లీ కూర్చోండి, ఎవరూ తప్పుపట్టరు. వేళ్లకి వాపుంటే ఉంగరాలు ముందురోజే తీసేయండి. గాజులు ఒక సైజు పెద్దవి తెమ్మని మీ అమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.